మంచుకొండలో విత్తనాల పాతర

నార్వే దేశానికి ఉత్తరాన, ధ్రువ సముద్రంలో, స్వాల్‌బార్డ్ అనే ద్వీపాలున్నాయి. అక్కడికి ఉత్తర ధ్రువం సుమారు 1,300 కిలోమీటర్ల దూరం. ఆ ద్వీపాలలోకల్లా పెద్దదాని మీద లాంగియర్‌బ్యెన్ అనే చిన్న ఊరున్నది. ఆ ఊళ్ళో ఏటా దాదాపు నాలుగు నెలలు సూర్యుడు ఉదయించడు. మరి నాలుగు నెలలు అస్తమించడు. ఊరు దాటి పోయేవాళ్ళు తెల్ల ఎలుగుబంట్ల భయంకొద్దీ తుపాకీ వెంట ఉంచుకుంటారు. ఎత్తుగా పెరిగే చెట్టు అక్కడ ఒక్కటీ లేదు, పంటపొలాలు లేవు. అయినా ప్రపంచంలోని పంటల విత్తనాలను మనుషులు దాచుకున్నది అక్కడే!

విమానాశ్రయం దగ్గరినుంచి కొండమీదికి ఒక దారి పోతుంది. కొంత ఎక్కేసరికి, మంచులోనుంచి పొడుచుకు వచ్చిన ఎత్తయిన కాంక్రీటు గోడా, దానికొక తలుపూ కనిపిస్తాయి. తలుపు పైన అమర్చిన అద్దాలు చీకటి రోజులలో లేత ఆకుపచ్చ వెలుగు చిమ్ముతాయి. చూడవచ్చినవాళ్ళు అక్కడే ఆగిపోవాలి. లోపలికి అందరినీ పోనివ్వరు.

తలుపు వెనక, కొండలోకి వంద మీటర్లకు పైగా సొరంగం ఉన్నది. దాని చివర మూడు గదులు. చుట్టూ ఉన్న నేల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. అది చాలక యంత్రాలు ఆ గదులను సున్నాకు దిగువ 18 డిగ్రీల చలిలో ఉంచుతాయి. ఆ చలిలో విత్తనం చావదు, మొలకెత్తదు. నిద్రపోతున్నట్టుగా ఏళ్ళతరబడి ఉండిపోతుంది.

మన రైతు విత్తనాలలో బూడిదా, వేపాకూ కలిపి కుండలో దాస్తాడు. ఇల్లు కాలిపోతే ఆ కుండా పోతుంది. అప్పుడు పక్క ఊరి చుట్టాన్ని అడిగి నాలుగు గింజలు తెచ్చుకోవాలి. దేశాలకూ ఇదే చిక్కు. ఒక్కొక్క దేశానికీ విత్తనాల నిలవ ఉన్నా, యుద్ధమో, వరదో, నిప్పో వస్తే అది నాశనం కావచ్చు. అందుకని నార్వే ప్రభుత్వం ఈ పాతర కట్టించి, 2008 ఫిబ్రవరి 26న తెరిచింది. దాచినందుకు అద్దె లేదు. ఎవరి పెట్టె వారిదే; మరొకరు తెరవరాదు. ఇప్పటికి 12 లక్షలకు పైగా నమూనాలు చేరాయి. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ పంపిన జొన్న, సజ్జ, శనగ, కంది విత్తనాలు కూడా అక్కడున్నాయి. సరిహద్దులో తుపాకులు పట్టుకుని ఎదురెదురుగా నిలిచే ఉత్తర కొరియా, దక్షిణ కొరియాల పెట్టెలు కూడా ఆ ఒక్క కొండలోనే ఉన్నాయి.

ఈ పాతరకూ ఒకసారి భయం తప్పలేదు. 2016లో చలి తగ్గి, వాన కురిసి, సొరంగం మొదట్లోకి నీరు వచ్చింది. గదులదాకా పోలేదు, విత్తనాలు చెడలేదు. అయినా నార్వేవారు ఊరుకోక సొరంగం ముందుభాగాన్ని నీరు చొరకుండా కొత్తగా కట్టారు.

సిరియాలో అలెప్పో నగరం దగ్గర ఇకార్డా అనే పరిశోధన కేంద్రం ఉండేది. ఎండలకు తట్టుకునే గోధుమ, బార్లీ, శనగ, చిరుశనగ రకాలు అక్కడ వేలకొద్దీ ఉండేవి. యుద్ధం వచ్చి శాస్త్రజ్ఞులు ఆ చోటు విడిచిపెట్టవలసి వచ్చింది. కాని వారు ముందే విత్తనాలలో చాలాభాగం మంచుకొండకు పంపి ఉన్నారు. 2015లో వాటిలో కొన్ని వెనక్కు తెప్పించి, లెబనాన్‌లోనూ మొరాకోలోనూ చల్లారు. పంట పండింది. 2017లో ఆ పంటనుంచి తీసిన కొత్త విత్తనాలు, పొట్లాలు కట్టుకుని, మళ్ళీ ఆ చలిగదులకు వచ్చి చేరాయి.