అయోనా: రాళ్ళొక చోట, ఎముకలొక చోట

చాలాకాలంగా వ్రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్న టపా ఇది.

కళాశాలలో మాక్‌బెత్ చదివినవారికి డంకన్ రాజు శవాన్ని ఎక్కడికి చేర్చారో గుర్తుండే ఉంటుంది. అది స్కాట్లండ్ పడమటి తీరాన ఉన్న అయోనా ద్వీపమే. ఓబన్ రేవునుండి మల్ దీవికి పడవ, ఆ దీవి చివరిదాకా బస్సు, మళ్ళీ చిన్న పడవ. నేను వెళ్ళిననాడు సన్నని వాన.

563లో ఐర్లండ్ నుండి వచ్చిన కొలంబా ఇక్కడ మఠం స్థాపించాడు. 806లో వైకింగులు 68 మందిని చంపారు. ఇప్పుడు కనిపించే బెనెడిక్టిన్ మఠం, దానికి కొంత దూరంలోని సన్యాసినుల మఠం 1200 ప్రాంతపువి. 1560 నాటి మతసంస్కరణతో మఠజీవితం ముగిసి, కట్టడాలు శిథిలమయ్యాయి. ప్రధాన ఆలయాన్ని ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళలో పునరుద్ధరించారు. మిగిలిన మఠ భవనాల పని 1938లో మొదలైంది.

ఆలయం పక్కనే రెలిగ్ ఓరన్ అనే శ్మశానవాటిక. ఇక్కడ 48 మంది స్కాట్లండ్ రాజులున్నారని 1549లో డోనాల్డ్ మన్రో వ్రాశాడు. చరిత్రకారులు ఆ లెక్కను నమ్మరు. డంకన్, మాక్‌బెత్ ఇద్దరూ ఇక్కడే ఉన్నారని ఐతిహ్యం. చంపినవాడూ, చచ్చినవాడూ ఒకే మట్టిలో!

రాజుల సమాధులు వెతికితే గడ్డి తప్ప ఏమీ లేదు. చెక్కడపు పలకలు వానకు అరిగిపోకుండా చాలావాటిని మ్యూజియంలోకి తరలించారు. రాళ్ళు అక్కడ, ఎముకలు ఇక్కడ. 1543లో మరణించిన మఠాధిపతి అన్నా మక్లీన్ సమాధిపలక సగమే మిగిలింది.

నాన్నగారు పోయినప్పుడు నేను సమయానికి చేరలేకపోయాను. అస్థికలు తమ్ముడే గోదావరిలో కలిపాడు. అప్పటినుండి ఏ శ్మశానం చూసినా, తండ్రి పేరున రాయి ఉన్నవారిపై లోలోపల అసూయ కలిగేది. ఆ గడ్డిలో నిలబడినప్పుడు అది కాస్త సడలింది. రాజులకే నిలవని రాయి!

ఆ రాత్రి తమ్ముడికి ఫోను చేసి, ఇన్నేళ్ళూ అడగడానికి ధైర్యం చాలనిది అడిగాను: ‘ఎక్కడ కలిపావురా?’

కాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పాడు: ‘కోటిలింగాల రేవులో, అన్నయ్యా. వరద రోజులు. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాలుగో మెట్టు దాకా మునిగింది.’

రాయి లేదు కనుక ఇక్కడ వ్రాసిపెడుతున్నాను.