రంగుల వెలుతురు

మాదాపురమున సైబర్ టవర్సు 1998వ సంవత్సరమున తెరవబడిన నాడు ఆ చుట్టుపట్టుల చాలవరకు రాతిగుట్టలే. నేడచట కార్యాలయముల నీడలోనే కల్యాణమంటపములును లేచినవి. పగలు చూచినచో నవి గోదాములవలె నుండును: బూడిదరంగు గోడలు, ఎత్తైన కప్పు, లెక్కకు మించిన కుర్చీలు. రాత్రి దీపములవాడు మీట నొక్కగానే గోదాము గంధర్వనగరమగును. 2024 మాఘమాసమున మా మేనకోడలి వివాహము అట్టి మంటపమొకదానిలో జరిగినది. మా బావగారు పూలకంటె దీపములకే ఎక్కువ వెచ్చించిరనియు, అందు కొంత అప్పనియు వినియుంటిమి గనుక మందలింపవలెనను సంకల్పముతోనే పోయితిమి.

పోయినపిదప మందలింపు మరచి దీపముల కడనే నిలిచితిమని ఒప్పుకొనక తప్పదు. గోడల వెంబడి నేలమీద చిన్న చిన్న డబ్బాలు. ఒక్కొక్కదానిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలి ఎల్.ఇ.డి. దీపములు. ఈ మూటి పాళ్లు మార్చినచో దాదాపు ఏ రంగైనను పుట్టును. మూడును తగుపాళ్లలో కలిసినచో తెలుపు. ప్రకాశవంతమైన నీలి దీపము 1990ల తొలినాళ్లవరకు చిక్కలేదు. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను మువ్వురికి 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది. వారి శ్రమ తుదకు మా బావగారి అప్పుపద్దులో చేరునని వారెరుగరు గదా!

రంగునకును మనోభావమునకును గల చుట్టరికము మనకు కొత్తది కాదు. భరతుడు నాట్యశాస్త్రమున శృంగారమునకు శ్యామము, రౌద్రమునకు ఎరుపు, కరుణమునకు పావురపు బూడిదవన్నె అని రసములకు రంగులే చెప్పెను. ఈ సైబరాబాదునకు చేరువనే లింగంపల్లిలో, 1885లో పుట్టిన సురభి నాటకసమాజపు వంశీకులు తెరలతోను వెలుతురుతోను నేటికిని మాయలు చూపుచున్నారు. కాని నాటకశాలలో వెలుతురు పాత్రలమీద పడును, ప్రేక్షకులు చీకటిలో నుందురు. ఈ మంటపమున వెలుతురు మామీదనే పడెను.

అది ఆకుపచ్చగా మారిన క్షణమున మేమొక వింత చూచితిమి. ముత్తైదువల నుదుట కుంకుమయంతయు నల్లబడెను. దీపములు నడుపు పిల్లవాడు పాలమూరువాడు, అడుగగా నవ్వి, "ఎర్రటిదాని మీద గ్రీన్ లైటేస్తే నల్లగ గొడ్తది సార్. ముహూర్తం టైముకు వైటే ఇస్తం, ఫొటోలోల్లు ఒప్పుకోరు" అనెను. నీలి వెలుతురులో పసుపునకును అదే గతి. పట్టుచీరలలో సగము తమ రంగు కోల్పోయినవి. తెల్లనిది మాత్రము పడిన ప్రతి రంగును తిరిగి ఇచ్చును.

ఆ మంటపమున తెల్లచీర ఒక్కటే. అది మా బావగారి అక్కగారిది. మాకు వదినగారి వరుస. ముప్పదియేండ్లు నిండకమునుపే భర్తను పోగొట్టుకొని, కుట్టుపనితో బ్రతికి, ఈ పెండ్లికూతురిని తన యొడిలో పెంచిన మనిషి. వెనుక వరుసలో కూర్చున్న ఆమె నేతచీర గులాబిగాను, నారింజగాను, నెమలికంఠముగాను మారుచుండెను. పిల్లలు చుట్టు మూగి "ఇప్పుడు ఏ రంగు?" అని పందెములు కాయసాగిరి. ఆమె కొంగు చాచి కూర్చుండి నవ్వుచుండెను. ఎవరి నుదుట ఏమున్నదో, ఏమి లేదో, ఆ వెలుతురులో ఎవరికిని తెలియలేదు. ఆమె ఒక శుభకార్యమున అట్లు నవ్వగా మేము ఇరువది సంవత్సరములలో చూడలేదు.

జీలకఱ్ఱ బెల్లమునకు వేళయైనది. తెల్లని వెలుతురు వచ్చెను. కుంకుమలు ఎరుపెక్కెను. పిల్లలు ఇంకను "ఏ రంగు?" అని అడుగుచుండగనే వదినగారు లేచి, ఎవరును చెప్పకయే, భోజనశాలకు పోవు దారిలోని స్తంభము వెనుకకు పోయిరి. మేము పిలువబోగా మా చెల్లెలు చేయి పట్టుకొని, "ఇప్పుడు వద్దన్నయ్యా, మగపెళ్లివారు చూస్తారు" అనెను.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు జరిపించిన తొలి వితంతు వివాహమును గూర్చి ఏటేట తరగతిలో చెప్పు మేము, ఆ మాటకు నోరు మూసికొంటిమి. మగపెళ్లివారు చూచుచున్నారో లేదో తలయెత్తి చూడనైనను లేదు. మా బావగారిని మందలింప వచ్చిన నాలుక ఇదియే.

పిల్లవానికడకు పోయి రంగుల వెలుతురు మరల వేయుమంటిమి. "ఇప్పుడెందుకు సార్?" అని వాడు ఆశ్చర్యపడెను. మేము కారణము చెప్పలేకపోతిమి.

వెనుక వరుసలో ఆమె కండ్లజోడు పెట్టె కుర్చీమీద మిగిలియుండెను. దానిని తీసికొని, మా గుప్పిటనున్న అక్షతలతో స్తంభము వెనుకకు పోతిమి. ఆమె తాంబూలపు సంచులు లెక్కించుచుండిరి. ముందునకు రండని అంటిమి. "ఇక్కడినుంచి అమ్మాయి కనబడుతూనే ఉందిలెండి" అనిరి. అక్షతలలో సగము ఆమె చేతిలో పోసితిమి. మేళము హెచ్చగానే ఆమె విసరిరి. అవి వెనుక వరుస కుర్చీలదాకనే పోయి పడినవి.