వెలుగునకు పడికట్టు రాళ్లు

విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమున కన్వర్టరు నోట ఎగసిపడు మంటలను దూరమునుండి చూచి విస్మితుడనైన నేను, ఆ మహాగ్నికి తీర్పు చెప్పునది ఒక చల్లని గదియని విని, ఆ గదినే చూడగోరితిని. నాలుగు శాతమునకు మించిన కర్బనముతో వచ్చు ద్రవలోహములోనికి ప్రాణవాయువును ఊది, ఆ కర్బనమును శాతములో పదవవంతునకు లోబడునట్లు తగ్గించు కార్యము ఇంచుమించు ఇరువది నిమిషములలో ముగియును. అటుపై ఆ హీటును, అనగా ఒక దఫా కరగిన ఉక్కును, వంపవలెనా, మరల ఊదవలెనా అను నిర్ణయము ఆ చల్లని గదిలోని వర్ణపటమాపకము మాటకై కాచుకొని యుండును.

కరగిన ఉక్కునుండి తీసిన నమూనా కాడగల చిన్న బిళ్లయై ప్రయోగశాలకు వచ్చినది. దాని ముఖమును సానపట్టి, ఆర్గాను వాయువు పారు పీఠముపై బోర్లించి, క్రిందినుండి విద్యుత్స్ఫులింగములను కురిపింపగా, ఆవిరియైన పరమాణువులు తమతమ తరంగదైర్ఘ్యముల కాంతిని వెలువరించెను. సన్నని చీలికగుండ పోయిన ఆ కాంతిని పుటాకారపు గ్రేటింగు విడదీసి, ఒక్కొక్క మూలకమునకు ఒక్కొక్క తావున అమర్చిన గ్రాహకములపై ప్రసరింపజేసెను. కర్బనపు రేఖ 193 నానోమీటర్ల యొద్ద, గంధకపు రేఖ 181 యొద్ద, భాస్వరపు రేఖ 178 యొద్ద నుండుటచే, మనకు ఊపిరియైన గాలియే వానిని మ్రింగివేయును; అందుచేతనే ఆ కాంతి నడచు దారిలో గాలికి చోటీయరు.

"ఈ మిషన్‌కు తనంత తానుగా ఏమీ తెలియదండీ. స్టాండర్డ్ పెట్టి సరిచూసుకోనిదే మేము ఏ హీటుకూ రిజల్టు ఇవ్వము" అని అచటి కెమిస్టు చెప్పి, కూర్పు ముందే నిర్ధారితమైన ఉక్కు బిళ్లలను చూపెను. యంత్రమునకు అందునది వెలుగు పాలు మాత్రమే. ఆ పాలును శాతముగ మార్చునవి, తక్కెడకు పడికట్టు రాళ్లవలె, ఈ బిళ్లలే. రెండు మూడు చోట్ల కాల్చిన ఫలితములు పొసగనిచో, బిళ్లను మరల సానపట్టి మరల కాల్చుదురు. కన్వర్టరుకడ ఎందరు తొందరించినను ఈ నియమమును సడలనీయని వారి నిష్ఠయే నాకు ఆ యంత్రముకన్న గొప్పదిగ తోచినది.

వెలుగును చదువుటకు పోల్చదగిన పదార్థము వలయునను ఈ నియమము పాతదే. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరునందే వర్ణపటదర్శినితో పరిశీలించి, సూర్యుని అంచున లేచు జ్వాలలు వాయుమయములని గ్రహించెను. ఆ ఏటి పరిశీలనలలో కానవచ్చిన పసుపురేఖ, భూమిపై పోల్చదగిన పదార్థము లేనందున సందేహాస్పదమైయుండి, 1895లో రామ్సే ఒక ఖనిజమునుండి హీలియమును వెడలించిన పిమ్మటగాని నిస్సంశయము కాలేదు.

కర్మాగారమును చూచిన నాటి సాయంకాలము ఒక ఆసుపత్రికి పోయితిని; అచటను వెలుగుతోనే కొలుచు యంత్రము కనబడెను. అచట రోగి వ్రేలికి తగిలించిన ఆక్సీమీటరు 660 నానోమీటర్ల ఎఱ్ఱని కాంతిని, 940 యొద్ద కంటికి కానరాని కాంతిని పంపి, నెత్తురు వానిలో దేనినెంత పీల్చుకొన్నదో చూచి ప్రాణవాయువు పాలును లెక్కించుచుండెను. ఆ లెక్కకు పునాది ఆరోగ్యవంతులపై ముందు జరిపిన కొలతలు. వారిలో నల్లని మేనివారు చాలినంతమంది లేనిచో, అట్టి రోగులకు అంకె ఉన్నదానికంటె మెఱుగుగ పడవచ్చును. మన జనులలో అనేకుల మేనిచాయ అదియే గనుక ఈ మాట నన్ను మిగుల కలవరపఱచినది. అచటి వైద్యురాలు మాత్రము 94 అని వెలుగుచున్న అంకెను చూచి, రోగి ఎగశ్వాసను చూచి, నర్సుచే సిరంజి తెప్పించి, మణికట్టు ధమనినుండి నెత్తురు తీసి పరీక్షకు పంపెను.