అస్థెనేయా

నాలుగేళ్ల కిందట ఒక రాత్రి ఫోన్లో మా నాన్నని "నాన్నా, తాగావా?" అని అడిగాను.

ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. టీ తప్ప ఏదీ ముట్టి ఎరగడు. కానీ ఆ రాత్రి మాట ముద్దముద్దగా వస్తోంది. నాలుగు వాక్యాలయ్యేసరికి గొంతు జారిపోయింది. ఆయన కాసేపు ఊరుకుని, "లేదురా, నాలుక తిరగట్లేదు" అన్నారు. ఆ తర్వాత నాకు పొద్దున పూటే ఫోన్ చేయడం మొదలుపెట్టారు. ఎందుకని నేను అడగలేదు.

కొన్నాళ్లకి కనురెప్ప కూడా వాలిపోతుంటే న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. మయస్థీనియా గ్రావిస్ అన్నారు. నరం చివర విడుదలయ్యే రసాయనాన్ని కండరం అందుకోవాలి. అందుకునే రిసెప్టర్ల మీద ఒంట్లోని యాంటీబాడీలే దాడి చేస్తాయి. నా ఉద్యోగ భాషలో చెప్పాలంటే మెసేజ్ సరిగ్గానే వెళ్తుంది, అటువైపు పోర్టులు మూసుకుపోయాయి. కండరం వాడేకొద్దీ నీరసిస్తుంది, విశ్రాంతి ఇస్తే కొంత తేరుకుంటుంది. పొద్దున బాగుండే గొంతు రాత్రికి జారిపోయేది అందుకే.

ఆస్పత్రి వరండాలో కూర్చుని ఆ పేరు విడగొట్టాను. గ్రీకులో 'స్థెనోస్' అంటే బలం. స్కూల్లో మనం బట్టీ పట్టిన మెగస్తనీసు పేరులో ఉన్నదీ అదే. ముందు 'అ' చేరిస్తే, అచ్చం సంస్కృతంలో లాగే, లేమి. అస్థెనేయా, బలం లేకపోవడం.

వెతుకుతూ పోతే ఈ మాట కొత్త నిబంధనలో చాలాచోట్ల కనబడింది. యోహాను సువార్త 5వ అధ్యాయంలో, బేతెస్ద కోనేటి దగ్గర పడి ఉన్న మనిషిని 38 ఏళ్లుగా పట్టుకున్నది అస్థెనేయా. తెలుగు బైబిల్లో అక్కడ 'వ్యాధి' అని ఉంది. కొరింథీయులకు రాసిన రెండో ఉత్తరం 12వ అధ్యాయంలో పౌలు తన శరీరంలోని ముల్లు గురించి చెప్తూ వాడిందీ ఇదే. తెలుగులో అక్కడ 'బలహీనత'. రోమీయులకు రాసిన ఉత్తరం 5వ అధ్యాయంలో ఇదే మూలం నుంచి వచ్చిన 'బలహీనులు' అన్న మాట వాడి, రెండు వచనాలు దాటగానే 'పాపులు' అంటాడు.

అనువాదకుల్ని తప్పుపట్టను. సందర్భాన్ని బట్టి వాళ్లు చేసింది సబబే. కానీ గ్రీకు మాట ఒకే గదిలో ఉంచినవాటిని మనం రెండు గదుల్లో పెట్టుకున్నాం. వ్యాధి అంటే జాలిపడతాం. 'మందు ఆయన బలహీనత' అన్నప్పుడు మాత్రం తప్పు ఆ మనిషిదే. ఆ రాత్రి నేను నేరుగా రెండో గది తలుపే తట్టాను.

మా నానమ్మ జ్వరమొచ్చినా, నడుం పట్టేసినా 'సుస్తీ చేసింది' అనేది. ఉర్దూలో ఆ మాటకి బద్ధకం, మందకొడితనం అని అర్థం. తెలుగులోకి వచ్చాక అందులోని నింద రాలిపోయి జబ్బు ఒక్కటే మిగిలింది. చదువుకోని నానమ్మ నోట్లో ఉన్న దయ నా నోట్లో లేకపోయింది.

బలహీనతలోనే బలం ఉందని పోస్టర్ల మీద రాసుకునే మాటలు నాకు ఎక్కవు. నాన్న జబ్బులో నాకు ఏ బలమూ కనబడలేదు. నన్ను ఆపింది పౌలు రాసిన ఇంకో చిన్న సంగతి. ఒంట్లో బాగోకపోవడం వల్లే మొదటిసారి మీ దగ్గర సువార్త చెప్పాను, అది మీకు పరీక్షే అయినా మీరు నన్ను చీదరించుకోలేదని గలతీయులకు గుర్తుచేస్తాడు. జబ్బు పోయిందని కాదు, వాళ్లు ఈసడించుకోలేదని. అది చదివి ల్యాప్‌టాప్ మూసేశాను.

ఇప్పుడు మాత్రలతో నాన్న కాస్త నయం. ఆ ప్రశ్న గురించి మేం ఇప్పటికీ మాట్లాడుకోలేదు, నేను క్షమాపణ అడగనూ లేదు. పోయిన వారం రాత్రి తొమ్మిదింటికి ఆయనే ఫోన్ చేశారు. అయిదు నిమిషాలకి గొంతు జారడం మొదలైంది.

"ఇంక పడుకో నాన్నా" అన్నాను.

"ఉండరా, ఇంకో మాట" అన్నారు.

ఆ మాట వచ్చేదాకా ఆగాను.