చిట్కుల్‌లో పాతబండికి పునర్జీవము

హైదరాబాదునుండి ముంబయికి బోవు రాజమార్గమున పటాన్‌చెరు దాటినంతనే దారి కిరువైపుల కర్మాగారములు కానవచ్చును. ముత్తంగి, ఇస్నాపురముల పొరుగుననే మా చిట్కుల్ ఉన్నది. ఈ పేరు వినగానే కొందరు హిమాచలప్రదేశములోని మరియొక చిట్కుల్‌ను దలచుకొందురు. అచ్చటికి మంచుకొండలను, దేవదారు వనములను జూచుటకై యాత్రికులు పోవుదురు. మా చిట్కుల్‌నకు వేడుక చూచుటకై వచ్చువారు లేరు. పనికై వచ్చువారే యెక్కువ. 1970 దశకమున పటాన్‌చెరున పారిశ్రామికవాడ వెలసినది మొదలు, పొలములు నడుమ గదులు లేచినవి. ఒడిస్సా, బీహారు మున్నగు దూరదేశములనుండి వచ్చిన కార్మికులు వానిలో గాపురముందురు.

ఐనను ఈ ప్రాంతమునకు దనదైన యొక విద్య కలదు. దారిప్రక్క రేకుల షెడ్లలో లేత్ యంత్రము ద్రిప్పువారు, వెల్డింగు చేయువారు, కమానుకట్టలు సరిచేయువారు, పాత ఇనుము కొనువారు వరుసగా నుందురు. విఱిగినదానిని జూచి, దానికి సరియగు తునకను తమ చేతులతో జేసి యీయగల నేర్పరులు వారిలో గలరు. మా యింటి పాత సరకుబండిని బాగుచేసికొన్న సందర్భమున వారి విద్య నేను కన్నులార జూచితిని. ఆ సంగతియే సోదరీమణులకు విన్నవింపదలచితిని.

తెలంగాణమున నే చిన్న లారీని జూచినను జనులు ‘డీసీఎం’ అనియే యందురు. అది ఢిల్లీ క్లాత్ మిల్స్ అను సంస్థ పేరులోని పొడియక్షరములు. 1980 దశకమున జపాను సంస్థల సాయముతో చిన్న లారీలు చేయుటకు మనదేశమున నాలుగు కర్మాగారములు వెలసినవి. ఉత్తరప్రదేశమున డీసీఎం టొయోటా, మధ్యప్రదేశమున ఐషర్ మిత్సుబిషి, పంజాబున స్వరాజ్ మాజ్దా, నాలుగవది మా జిల్లాలోని జహీరాబాదున ఆల్విన్ నిస్సాన్. నాడది మెదకు జిల్లా. 2016 నుండి సంగారెడ్డి జిల్లా. ఢిల్లీ సంస్థ పేరు మన జనుల నాలుకలపై నిలిచినది గాని, మనయింట బుట్టిన బండి పేరు మఱపున బడినది.

ఆల్విన్ అను పేరు మన పెద్దలకు గ్రొత్త గాదు. హైదరాబాదు ఆల్విన్ సంస్థ 1942లో నిజాము ప్రభుత్వపు పారిశ్రామిక నిధి తోడ్పాటున బుట్టినది. బస్సుల పైకట్టడములు, ఫ్రిజ్‌లు, గడియారములు చేసి పేరొందినది. అమ్మమ్మల యిండ్లలో ఆల్విన్ ఫ్రిజ్ జూచినవా రిప్పటికిని బలువురు గలరు. ఆ సంస్థ 1990 దశకమున క్షీణించినది. జహీరాబాదు కర్మాగారము మహీంద్రావారి చేతికి బోయినది. నే డచ్చట ట్రాక్టరులు తయారగుచున్నవి.

మా మామగారు కొన్న బండి యా జహీరాబాదున బుట్టిన క్యాబ్‌స్టార్. తెల్లవారక మునుపే వంకాయలు, టమాటాలు, ఆకుకూరలు నింపుకొని బోయినపల్లి మార్కెటునకు బోవువారు. వారు గతించిన పిదప నాఱేండ్లు బండి చింతచెట్టు క్రింద నిలిచిపోయినది. చక్రములు నేలకు దిగినవి. తలుపుల యడుగుభాగము తుప్పు దినినది. పాత యినుప సామానువాడు వచ్చి తూకపు లెక్కన బేరమాడెను. మా అత్తగా రమ్ముమనలేదు, వలదనలేదు. లోపలికి బోయి పడుకొనిరి. ఆనాడే మావారు దానిని తామే బాగుచేసెద మనిరి.

మావారు బడిపంతులు. మా సంసారమున మిగులు స్వల్పము. కావున మే మిరువురము కూర్చుండి మూడు నియమములు చేసికొంటిమి. పిల్ల చదువునకై దాచిన సొమ్ము ముట్టరాదు. పని ఆదివారములందును, సెలవుదినములందును మాత్రమే. మూడవది నా పట్టుదల: బ్రేకులు సరిపడక మునుపు యంత్రమును గదలింపరాదు. మా వాకిటిముందు దారి నిరంతరము పెద్ద లారీలు దిరుగునది, పిల్లలాడుకొనునది.

ఒక వృద్ధ మేస్త్రి మాకు గురువయ్యెను. మొదట బ్యాటరీ తీయించెను. ట్యాంకులోని పాత డీసెలును, యంత్రములోని పాత నూనెను దీయించెను. సిలిండర్లలో గొంచెము నూనె పోసి, కొన్నిదినములు నాననిచ్చి, యంత్రమును మొదట చేతితోనే మెల్లగా ద్రిప్పి చూడవలెనని చెప్పెను. బిగిసియున్నదానిని బలవంతముగా ద్రిప్పినచో లోపలి భాగములు విఱుగునట. జాకీ నొక్కదానిని నమ్మి బండి క్రింద దూరరాదనియు, దిట్టమైన కొయ్యదిమ్మెలు పెట్టిన పిమ్మటనే పని చేయవలెననియు బలుమారు హెచ్చరించెను.

నా పాలబడిన పని నట్లు, బోల్టులు. విప్పిన ప్రతిదానిని కిరసనాయిలులో గడిగి, ఆరబెట్టి, ఏ భాగమునకు జెందినదో కాగితముపై వ్రాసి, వేఱువేఱు డబ్బాలలో బెట్టితిని. మా పప్పుల డబ్బాలు, ఆవకాయ సీసాలు వానికే యంకితమైనవి. విప్పుట యొక పూట పని. ఏది యెక్కడిదో గుర్తుంచుకొని మరల బిగించుటయే విద్య. వంటయింటి సామాను సర్దుకొను గృహిణికి ఇది వింత గాదు.

తుప్పును ఉప్పుకాగితముతో రుద్దితిమి. లోపల గట్టి యినుమున్నచోట రెడ్ ఆక్సైడు పూసితిమి. పొట్టువలె రాలినచోట గోసివేసి క్రొత్తరేకు అదికించిరి. డీసెలు ట్యాంకునకు మాత్రము మేమై వెల్డింగు పెట్టలేదు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిప్పు సోకిన బ్రేలగలదు. అది తెలిసినవారే చేయవలసిన పని. పాత బ్రేకుల ధూళిలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును. అది యూపిరితిత్తులకు గీడు. కావున దానిని నోటితో నూదక, బ్రష్షుతో దులుపక, తడిగుడ్డతో దుడిచి, ఆ గుడ్డను మూటగట్టితిమి.

ఈ బ్రేకులకడనే మాకు గష్టము వచ్చినది. ఒక కొట్టువాడు మా బండికి జెందినవే యని బ్రేకుషూలు అంటగట్టెను. మేస్త్రి డ్రమ్ములో బెట్టి చూచి, ఇవి వేఱొక బండివని తల యూపెను. మా రెండుమాసముల పొదుపు నీటిపాలయ్యెను. కొట్టువాడు తిరిగి తీసికొనలేదు. ఆ రాత్రి మావారు బండిని దూకమునకే యిచ్చివేయుద మనిరి. మరునాడు మేస్త్రి మా పాత షూలనే కొనిపోయి, వానికి గ్రొత్త లైనింగు రివెట్లతో బిగింపించెను. అరిగిన కమానుల బుష్షులను లేత్‌పై గ్రొత్తగా ద్రిప్పించెను. అంగడిలో దొరకనిది నాలుగడుగుల దూరమున నొక షెడ్డులో దయారయ్యెను. అటుపిమ్మట తూకపు మాట మా యింట వినబడలేదు.

పాత నూనె సంగతి కూడ జెప్పవలెను. మా ప్రాంతపు నక్కవాగు పరిశ్రమల మురికినీటితో జెడి, పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతముల కాలుష్యము 1990లో సర్వోన్నత న్యాయస్థానమున వ్యాజ్యమైనది. పెద్ద కర్మాగారములను నిందించు నోటితో మనము పెరటిలో నల్లనూనె గ్రుమ్మరించుట తగునా? ఒక క్యానులో బోసి, దానిని సేకరించువారికే యొప్పజెప్పితిమి.

కడపట రంగు వేయుదినము వచ్చెను. బండిని కర్మాగారమునుండి వచ్చిననాటి రూపునకు దేవలెనని మావారి కోరిక. వెనుకపలకపై మామగారు తమ చేతితో వ్రాసికొన్న ఊరిపేరు, రెండు తామరపూవులు వెలవెలబోయి యుండెను. మావారు దానిని గీకబోవగా అత్తగారు చేయిపట్టుకొనిరి. “బిడ్డా, ఆ పలక మీద రంగు ఎయ్యకు. అది మీ నాయిన చేతిరాత” అనిరి. ఆఱేండ్లలో ఆ బండినిగుఱించి వారు పలికిన మొదటిమాట అదియే. పలకపై వార్నీషు మాత్రము పూసి వదలితిమి. కర్మాగారమువారి రూపమా, యింటివారి రూపమా, ఏది నిజమైన పూర్వరూపమన్న ప్రశ్నకు మా యింట నట్లు తీర్పు జరిగినది.

యంత్రము పలికినది, బ్రేకులు పట్టుచున్నవి. ఐనను బండి యింకను రాజమార్గ మెక్కలేదు. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము 50 సంవత్సరములు దాటి, తొలిరూపు చెడక, వ్యాపారమునకు వాడని వాహనములకే ‘వింటేజి’ గౌరవము. వాని సంఖ్యలో ‘వీఏ’ యను నక్షరము లుండును. మా బండికి అంత వయస్సు లేదు. సరకుబండి గనుక ఏటేట యోగ్యతాపరీక్ష నెగ్గవలెను. ఆ పత్రము చేతికి వచ్చువఱకు అది మా పొలము గట్టు దాటదు.

పాతదైనంతమాత్రమున ప్రతి వస్తువును దాచుకొనుడని నా భావము గాదు. అటకమీది కుట్టుయంత్రమైనను, మూల బడియున్న గడియారమైనను, దూకమున కిచ్చుటకు ముందు కొన్ని విషయములు విచారింపుడు. అది సురక్షితముగా బనిచేయగలదా? బాగుచేయు నేర్పరి మీ యూర గలడా? అందులకు బిల్లల యన్నము, చదువు తగ్గింపవలసి వచ్చునా? ఇవి చూచుకొన్న పిమ్మట ఇంటిలోని పెద్దవారిని గూడ నొకమాట యడుగుడు. వారు మౌనముగా నున్నచో, ఆ మౌనమునకు సమాధానము దొరకువఱకు తూకపువానిని గుమ్మమువద్ద నిలుపుడు.