రాజుగారి రైల్లో మా ఆవిడ

మా ఆవిడ ముప్పై ఏళ్లు సోషల్ టీచరుగా పనిచేసింది. చిత్తోడ్‌గఢ్ గురించీ తాజ్‌మహల్ గురించీ ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకు చెప్పిందో లెక్కలేదు. వాటిలో ఒక్కటీ కళ్లారా చూసింది లేదు. రిటైరయ్యాక చూద్దాంలే అనుకుంటూ వచ్చాం. రిటైరైన మూడో ఏడు కంటి డాక్టరు గ్లకోమా అన్నాడు. చుక్కల మందు వేసుకుంటే ఉన్న చూపును కాపాడుకోవచ్చు గానీ, పోయిన చూపు తిరిగి రాదన్నాడు.

చైతన్యపురిలో మా ఇంటికి వచ్చేదాకా ఆమె నోరు విప్పలేదు. రాత్రి అన్నాలు తినేటప్పుడు మాత్రం, 'ఏవండీ, చిత్తోడ్ చూసొద్దామా?' అంది.

నేను ఎల్బీనగర్లో టూరు బస్సుల వాళ్లను వాకబు చేశాను. పన్నెండు రోజుల ఉత్తరాది యాత్ర, వంటవాడు కూడా వెంటే వస్తాడు. డాలస్‌లో ఉన్న మావాడికి ఈ మాట చెబితే ఒప్పుకోలేదు. 'అమ్మకు మసక వెలుతురులో మెట్లు కనపడవు, రోజుకు పదిసార్లు బస్సెక్కి దిగుతుందా?' అని ప్యాలెస్ ఆన్ వీల్స్‌లో ఇద్దరికీ టికెట్లు తీసి పంపాడు. నెల మాత్రం నన్నే చూసుకోమన్నాడు. చలికాలమైతే ఎండ బాధ ఉండదని నేను డిసెంబరు అన్నాను. ఆ టికెట్ల ఖరీదు, 1989లో మేం ఇల్లు కట్టుకోవడానికి కొన్న స్థలం ధరకు ఎన్నో రెట్లు. ఆ సంగతి ఆవిడకు ఢిల్లీ చేరేదాకా చెప్పలేదు. ముందే చెప్పి ఉంటే దిల్‌సుఖ్‌నగర్ దాటేది కాదు!

పొద్దున్నే ఆటోలో నాంపల్లి వెళ్లి, పులిహోర పొట్లాలతో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన మనుషులం మేము. సఫ్దర్‌జంగ్ స్టేషన్లో మాకు పూలదండలు వేసి, బొట్టు పెట్టి, సన్నాయి వాయించి మరీ రైలెక్కించారు. పెళ్లినాడు కూడా మాకింత మర్యాద జరగలేదు. ఈ రైలు 1982 జనవరి 26న మొదలైంది. అప్పట్లో రాజస్థాన్ రాజులు, బరోడా మహారాజు, వైస్రాయ్ వాడి వదిలేసిన పాత సెలూన్లతో నడిపారట. వాటిలో మన నిజాంగారి పెట్టె కూడా ఉండేదట. తర్వాత కొత్త పెట్టెలు వచ్చాయి. సొంత రాష్ట్రం పేరు మీద ఇలాంటి రైలు మహారాష్ట్ర 2004లో డెక్కన్ ఒడిస్సీగా తెచ్చుకుంది, కర్ణాటక 2008లో గోల్డెన్ చారియట్‌గా తెచ్చుకుంది. 1874లోనే వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలుమార్గం వేసుకున్న గడ్డ మనది. రామప్ప, నాగార్జునకొండ, అమరావతి, గోల్కొండ అన్నీ ఉన్నా మనకు అలాంటి రైలు మాత్రం లేదు. సరే, అది వేరే గొడవ.

పెట్టె పెట్టెకూ సేవకులుంటారు. వాళ్లను ఖిద్మత్‌గార్ అంటారు. తలపాగా చుట్టుకుని మా గుమ్మం ముందు నిలబడే కుర్రాణ్ని చూసి ఆవిడకు ప్రాణం ఒప్పేది కాదు. 'బేటా, ఖానా ఖాయా?' అని పూటపూటా అడిగేది. రెండోరోజు రాత్రి సూట్‌కేసులోంచి గోంగూర పచ్చడి సీసా తీసి వాడి రొట్టెలకు వేసింది. వాడు కళ్లనీళ్లు పెట్టుకుని కూడా మళ్లీ అడిగాడు.

జైపూర్‌లో హవామహల్ ముందు గైడు, దీన్ని సవాయి ప్రతాప్‌సింగ్ 1799లో కట్టించాడని చెబుతున్నాడు. మా ఆవిడ నా చెవిలో, 'మన మూసారాంబాగ్ దొర పోయిన మరుసటేడన్నమాట' అంది.

'ఏ దొర?' అన్నాను.

తెల్లబోయి నా వంక చూసింది. 'రేమండ్ అండీ! రెండో నిజాం ఫౌజులో ఫ్రెంచి సేనాని. 1798లో పోయాడు. మూసా రేమండ్ అనే పేరే జనం నోట్లో పడి మూసారాం అయిందంటారు. సమాధి మనింటికి అంత దగ్గరలో ఉంటే తెలీదా?'

ముప్పై ఏళ్లకు పైగా ఆ దారినే ఆఫీసుకు వెళ్లొచ్చిన నాకు మూసారాంబాగ్ అంటే ఒక బస్టాపు, అంతే.

మూడోరోజు సాయంత్రం చిత్తోడ్. మేం వచ్చిందే దానికోసం. అక్కడ ఆవిడ గైడును మాట్లాడనిస్తేగా! 1303లో అలాఉద్దీన్ ఖిల్జీ, 1535లో గుజరాత్ సుల్తాన్ బహదూర్‌షా, 1567లో అక్బర్ వచ్చి కోటను ముట్టడించిన సంగతులు నాకు వరసగా ఒప్పజెప్పింది. ఇంతలో పొద్దు వాలిపోయింది. డిసెంబరులో చీకటి త్వరగా పడుతుందని నాకు తట్టనే లేదు. రాణా కుంభా కట్టించిన విజయస్తంభం దగ్గరికి వచ్చేసరికి ఆమె నడక ఆపేసింది. తొమ్మిది అంతస్తుల స్తంభం, దాన్నిండా శిల్పాలు. 'నల్లగా ఏదో నిలబడి ఉన్నట్టుందండీ' అంది. చెయ్యి పట్టుకుని దగ్గరికి తీసుకెళ్లాను. రాతిమీద చెక్కిన బొమ్మను వేళ్లతో తడిమింది. చేతులా అది, నగలా అని నన్నడిగింది. నేను తోచింది చెప్పాను. అవతల మిగతావాళ్లు వెనక్కి మళ్లారు. రైల్లో ఆ రాత్రి వెండిపళ్లెంలో ఏం వడ్డించారో నాకు గుర్తులేదు. ఏప్రిలులోనో అక్టోబరులోనో వచ్చి ఉంటే ఇంకాస్త వెలుతురు ఉండేది. ఎండకు భయపడింది నేనే కదా!

తర్వాతి ఊళ్లు బాగానే సాగాయి. జైసల్మేర్ కోటలో ఇప్పటికీ జనం కాపురాలుండటం, దండేల మీద బట్టలు ఆరేసుకోవడం చూసి ముచ్చటపడింది. తాజ్‌మహల్‌ను మధ్యాహ్నం నిండు ఎండలో చూసింది. 'ఫొటోలో ఉన్నట్టే ఉంది' అని ఊరుకుంది.

తిరిగొచ్చిన రెండు వారాలకు నాంపల్లిలో పనుండి ఇద్దరం మెట్రో ఎక్కాం. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చినప్పటి నుంచీ మాకు అదే రాజుగారి రైలు. పక్క స్టేషన్ పేరు విక్టోరియా మెమోరియల్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తన సరూర్‌నగర్ ప్యాలెస్‌ను అనాథ పిల్లల కోసం ఇచ్చేశాడని, రాణి పేరు అలా వచ్చిందని ఆవిడ చెబుతూ ఉంది. నేను వింటూనే మూసారాంబాగ్‌లో, 'దిగు' అన్నాను.

'నాంపల్లి ఇంకా చాలా దూరం కదండీ!'

'పని రేపు చూసుకోవచ్చులే.'

ఆటోలో గుట్ట దగ్గరికి వెళ్లాం. పదకొండు గంటల ఎండ ఫెళ్లున కాస్తోంది. 2001లో కూలిపోతే మళ్లీ కట్టిన మండపం పక్కన నల్లరాతి సమాధి కోసుగా పైకి లేచి ఉంది. గాలిపటాలు ఎగరేసే పిల్లలు తప్ప ఎవరూ లేరు. మమ్మల్ని తొందరపెట్టేవాళ్లూ లేరు. ఆవిడ మండపం నీడలో కూర్చుని చాలాసేపు చూసింది.

'దానిమీద అక్షరాలుంటాయి, ఉన్నాయా?' అంది.

దగ్గరికి వెళ్లి చూసి, 'జె, ఆర్' అని అరిచి చెప్పాను.