కోదాడ ఏ జిల్లా?

ఇదేదో టెన్త్ సోషల్ పేపర్లో ఒక మార్కు ప్రశ్నలా ఉంది కదా. కానీ దీనికి సరిగ్గా జవాబు చెప్పగలిగే ఎంటర్‌ప్రైజ్ అప్లికేషన్లు నేను చూసినవాటిలో చాలా తక్కువ. జావా వచ్చి, స్ప్రింగ్ వచ్చి, మైక్రోసర్వీసులు వచ్చి, చివరికి కోడ్ తనే రాసిపెట్టే ఏఐ కూడా వచ్చాక ఇదీ పరిస్థితి.

మాది కోదాడ. నేను టెన్త్ పాసైన 2013లో మా ఊరు ఆంధ్రప్రదేశ్, నల్గొండ జిల్లా. 2014 జూన్ 2న తెలంగాణ అయింది. 2016 అక్టోబర్ 11న సూర్యాపేట జిల్లా ఏర్పడి మేము అందులోకి వెళ్ళాం. మిర్యాలగూడ మాత్రం నల్గొండలోనే ఉండిపోయింది. బండి నంబర్ల సంగతి చూడండి: మొదట ఏపీ 24, తర్వాత టీఎస్ 05, జిల్లా మారాక టీఎస్ 29, 2024 మార్చి నుంచి కొత్త బళ్ళకి టీజీ. ఆఖరికి హైదరాబాద్ - విజయవాడ హైవే కూడా ఒకప్పుడు 9వ నంబరు, 2010లో నంబర్లు మార్చాక 65 అయింది. మారనిది మా పిన్ కోడ్ ఒక్కటే, 508206. ఇన్ని మారినా ఊరు మాత్రం అంగుళం కదల్లేదు :)

ఇందులో నవ్వుకోడానికి ఏముంది అంటారా? 2019లో నా మొదటి ఉద్యోగం ఆఫర్ వచ్చినప్పుడు, వెరిఫికేషన్ చేసే ఏజెన్సీ వాళ్ళ సాఫ్ట్‌వేర్ నా పాత సర్టిఫికెట్‌లో నల్గొండ, ఆధార్‌లో సూర్యాపేట చూసి "అడ్రస్ మిస్‌మ్యాచ్" అంది. ఫోన్లో ఉన్నాయన పాపం మంచివాడే. "నాకర్థమైంది సార్, కానీ సిస్టం తీసుకోవట్లేదు" అన్నాడు. ఆ "సిస్టం తీసుకోవట్లేదు" అన్న మాట వెనక రెండు వారాలు నాకు నిద్ర లేదు. ఆ సిస్టం రాసింది కూడా మనలాంటి ఇంజనీరే కదా అని అప్పుడే అనిపించింది.

ఇక అసలు విషయానికొస్తే, ఇది టూల్ సమస్య కాదు. ఆబ్జెక్ట్ అంటే ఏమిటో పుస్తకంలో చదివి, పనిలో మర్చిపోవడం వల్ల వచ్చే సమస్య. ఎరిక్ ఎవాన్స్ 2003లో డొమైన్ డ్రివెన్ డిజైన్ పుస్తకంలో ఎంటిటీ వేరు, వాల్యూ ఆబ్జెక్ట్ వేరు అని వివరంగా చెప్పాడు. మన భాషలో చెప్పాలంటే, కోదాడ అనే ఊరు ఒక ఎంటిటీ. దాని చుట్టూ ఏం మారినా అది అదే. జిల్లా, రాష్ట్రం, బండి కోడు ఇవన్నీ దానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అంటుకుని ఉన్న విలువలు. మనమేం చేస్తాం? కస్టమర్ టేబుల్లో జిల్లా అని ఒక కాలమ్ పెట్టి, మారినప్పుడల్లా ఒక అప్‌డేట్ కొట్టేస్తాం. అంతే, 2013 నాటి బిల్లు ఇవాళ మళ్ళీ ప్రింట్ తీస్తే సూర్యాపేట జిల్లా, తెలంగాణ అని వస్తుంది. ఆ రోజుకి సూర్యాపేట జిల్లా లేదు, తెలంగాణ రాష్ట్రమూ లేదు. ఆడిట్‌లో అడిగితే ఏం చెప్తారు?

అడ్రస్ సంగతి సరే, డబ్బు దగ్గరికి వద్దాం. మిర్యాలగూడ అంటే రైస్ మిల్లులు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు రిజిస్టర్డ్ బ్రాండ్ పేరుతో ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం, బ్రాండ్ లేనివాటికి సున్నా. ఇది వినగానే కొత్తగా ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ నేర్చుకున్న వాడి చెయ్యి ఊరుకోదు. రైస్ అని ఒక పేరెంట్ క్లాసు, దాని కింద బ్రాండెడ్ రైస్, అన్‌బ్రాండెడ్ రైస్ అని రెండు పిల్ల క్లాసులు. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది.

2022 జూలై 18న రూలు మారింది. బ్రాండ్ ప్రస్తావన పోయి, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల లోపు బస్తాకి 5 శాతం అయింది. ఆ వెంటనే మార్కెట్లోకి 26 కిలోల బస్తాలు దిగాయి! అదే మిల్లు, అదే బ్రాండు, అవే బియ్యం. కిలో తేడాతో పన్ను ఉంది, లేదు. ఇప్పుడు ఆ రెండు పిల్ల క్లాసుల్ని ఏం చేస్తారు? పన్ను అనేది బియ్యానికి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఆ రోజుకి ప్రభుత్వం పెట్టిన ఒక రూలు. దాన్ని ఇన్‌హెరిటెన్స్‌లో పెట్టకూడదు, విడిగా ఒక ఆబ్జెక్ట్ చేసి, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్న తేదీలు దానికివ్వాలి. బిల్లు కొట్టే క్షణాన ఆ రేటునీ, ఆనాటి అడ్రస్‌నీ బిల్లులోకి కాపీ చేసుకోవాలి. జూలై 10న అమ్మిన సరుకు 25న వాపసు వస్తే పాత రేటే వాడాలి మరి. ఇన్‌హెరిటెన్స్ కంటే కంపోజిషన్ మేలని డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకం రాసిన నలుగురూ 1994లోనే చెప్పారు. ఇంటర్వ్యూలో మనమూ అదే అప్పజెప్తాం, ఆఫీసుకెళ్ళి ఎక్స్‌టెండ్స్ అని కొడతాం.

మా మేనమామ మిర్యాలగూడలో ఒక మిల్లులో గుమాస్తా. కంప్యూటర్ ఉన్నా చిట్టా పుస్తకం ఇప్పటికీ వదల్లేదు. ఎందుకు మామయ్యా అంటే, "తప్పు వడితే కొట్టేసి కింద ఇంకో పద్దు రాయాలె అల్లుడూ. చెరిపినవనుకో, సేటు నిన్నెట్ల నమ్ముతడు?" అన్నాడు. ఈవెంట్ సోర్సింగ్ అని కాన్ఫరెన్సుల్లో గంటసేపు చెప్పేదానికి ఇంతకంటే మంచి పరిచయం నాకు దొరకలేదు.

టూల్స్ పనికిరావని అనట్లేదు. 1998లో ఈజేబీ వచ్చింది. దాని బరువు మోయలేక 2002లో రాడ్ జాన్సన్ పుస్తకం రాశాడు, అందులోంచి పుట్టిన స్ప్రింగ్ 1.0 2004లో విడుదలైంది. 2022 నవంబర్లో స్ప్రింగ్ బూట్ 3 వచ్చినప్పుడు జావాఎక్స్ అన్నవన్నీ జకార్తా అని మార్చుకుంటూ ఎన్ని టీములు వీకెండ్లు పోగొట్టుకున్నాయో మీకూ తెలుసు. హైబర్నేట్ ఎన్వర్స్ ఉంది, 2016 నుంచి ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో టెంపోరల్ టేబుల్స్ ఉన్నాయి. కానీ అవి వాటంతట అవి రాసుకునేది టేబుల్లో వరుస ఎప్పుడు మారిందో మాత్రమే. సూర్యాపేట జిల్లా అక్టోబర్లో ఏర్పడితే ఆపరేటర్ మాస్టర్ డేటా జనవరిలో మార్చాడనుకోండి, ఎన్వర్స్ జనవరి అంటుంది. లోకంలో జరిగిన తేదీ ఒకటి, మనకి తెలిసిన తేదీ ఒకటి. రెండూ కావాలని ఎవరో ఒకరు ముందే అనుకోవాలి.

ఏఐ టూల్స్ విషయంలో నా అభిప్రాయమూ ఇదే. కస్టమర్ క్లాసు రాయమంటే అర నిమిషంలో గెటర్లు, సెట్టర్లు, టెస్టులతో సహా రాసిస్తుంది. రేట్లు మారతాయి, తేదీలు పెట్టు అని చెప్తే అదీ రాస్తుంది. ఆ మాట చెప్పగలగడమే ఇప్పుడు మన ఉద్యోగం. కేవలం క్లాసులు టైపు చేసినందుకు ఇచ్చే జీతం ఇక ఎన్నాళ్ళో ఉండదని నాకనిపిస్తోంది, అలా అనిపించినప్పుడు కొంచెం భయంగానే ఉంటుంది.

సూర్యాపేట, కోదాడ కాలేజీల నుంచి వచ్చే జూనియర్లు "ఏ ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోవాలన్నా?" అని అడుగుతుంటారు. ఒకటి గట్టిగా నేర్చుకోండి, ఉద్యోగానికి కావాలి. దాంతోపాటు సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు రెండు రోజులు ఒక మిల్లు ఆఫీసులోనో, ఎరువుల షాపులోనో కూర్చోండి. ఏది మారుతుంది, ఏది మారదు, మారినప్పుడు పాతదాన్ని వాళ్ళెలా కాపాడుకుంటున్నారో గమనించండి. మాదాపూర్‌లో పుట్టి పెరిగిన వాడికి లేని సౌకర్యం అది, మనకి ఉచితంగా దొరుకుతోంది.

సీనియర్లకి ఒక చిన్న పరీక్ష. రేపు ఆఫీసుకెళ్ళి, మీ అప్లికేషన్‌ని 2016 అక్టోబర్ 10న కోదాడ ఏ జిల్లా అని అడిగి చూడండి. నల్గొండ అంటే, ఆ డిజైన్ చేసిన వాళ్ళకి ఒక టీ ఇప్పించండి.